మూడు కాళ్ల యంత్రంతో మాచర్ల షికారు

ఆ రోజుల్లో మనిషి ఊరు దాటి బస్సెక్కాడంటే దానికొక కారణం ఉండి తీరాలి. పెళ్లో, చావో, కోర్టు వాయిదానో, తిరునాళ్లో, పిల్లకి సంబంధమో, తనకి పంటినొప్పో. ఇవేవీ కాకుండా ఒక మగాడు పెళ్లాన్ని పక్కన పెట్టుకుని బస్టాండులో నిలబడితే, చూసినవాళ్లు ముందు ఆ పిల్ల మెళ్లో తాళి ఉందో లేదో చూసుకుని, ఆనక "ఏం పని మీద బాబూ?" అని అడిగేవాళ్లు. "ఊరికే, తిరుగుదామని" అనే జవాబు అప్పటికింకా మా పక్కకి రాలేదు. (కరెంటు కూడా రాలేదనుకోండి చాలా ఊళ్లకి. రెండింట్లో కరెంటే ముందొచ్చింది.) ఇప్పుడు పిల్లలు పెళ్లయిన వారానికే కొండలకీ సముద్రాలకీ పోయొస్తుంటే చూసి ముచ్చటపడతాను గానీ, ఆ విద్యలో పల్నాడుకి ఆద్యుణ్ణి నేనేనని చెబితే ఒక్కళ్లూ నమ్మరు. ఆద్యురాలు మా ఆవిడ అని చెబితే మాత్రం వెంటనే నమ్ముతారు. నిజం కూడా అదే.

అప్పుడు నేను నరసరావుపేట కోర్టులో నకళ్లు రాసే గుమస్తాని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంకొకళ్ల తగాదాలని నా ముత్యాల్లాంటి చేతిరాతతో తిరగరాయటం నా ఉద్యోగం. పెళ్లయి ఎనిమిది నెలలైంది. మాది తెనాలి పక్క. కాలవ గట్టున పుట్టి, కాలవలో ఈదులాడి, ప్రపంచంలో నీళ్లన్నీ మా ఊరి మీదుగానే పోతాయని నమ్మి పెరిగినవాణ్ణి. మా ఆవిడది పల్నాడులో బొల్లాపల్లి దగ్గర మెట్ట ఊరు. మబ్బు వంక చూస్తూ పెరిగిన మనిషి. పేటలోనే ఎలిమెంటరీ బళ్లో టీచరు. ఆమె ఒక బిందె నీళ్లతో ఇల్లంతా కడిగేది. నేను ఒక బిందె నీళ్లతో మొహం కడుక్కునేవాణ్ణి. మా కాపురంలో తొలి తగాదాలన్నీ ఆ బిందె దగ్గరవే.

ఆ ఏడు దసరా సెలవులకి ఆమెకి మద్రాసు చూపిస్తానని మాటిచ్చాను. ఆమెకే ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. ఆఫీసులో బంట్రోతు దగ్గర్నుంచి హెడ్ గుమస్తా దాకా అందరికీ చెప్పాను. సముద్రం ఒడ్డున ఎన్నింటికి నడుస్తామో, ఏ వీధిలో ఏం కొంటామో కూడా చెప్పాను. తీరా సెలవులు నాలుగు రోజులున్నాయనగా మద్రాసులో ఉండే మా మేనమామ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఇంట్లో ఇద్దరు పిల్లలకి అమ్మవారు పోసింది, ఇప్పట్లో రావద్దని. ఆ ఉత్తరం పట్టుకుని నేను చావుకబురు విన్నవాడిలా అరుగు మీద కూలబడ్డాను. మా ఆవిడ చదివి, "పాపం, పసిపిల్లలు" అన్నది. ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి, "అయితే మాచర్ల పోదామా?" అన్నది.

"మాచర్లలో ఏముంది?"

"ఎత్తిపోతల ఉంది గదా. చిన్నప్పటినుంచీ వింటమే గానీ చూళ్లేదు నేను. ఈ ఏడు వానలు చానా పడ్డయ్. నిండుగా ఉంటది."

"నీళ్లు చూడటానికి పల్నాడు పోవటమంటే, బెల్లం కొనటానికి ఉప్పు కొటారుకి పోయినట్టే" అన్నాను, డెల్టా పౌరుషం కొద్దీ.

"మీ కాలవల్లో నీళ్లు అడ్డంగా పోతయ్. అక్కడ నిలువుగా పడతయ్. అదీ తేడా" అని లోపలికి పోయి సంచీ సర్దటం మొదలుపెట్టింది.

సరే, మాచర్లయినా మద్రాసంత హంగుగా పోవాలని నా పట్టుదల. ఎవరో పాత ఆఫీసరు వదిలేసి పోయిన దొరల సోలా టోపీ ఒకటి ఆఫీసు అటక మీద ఉంటే అడిగి తెచ్చుకున్నాను. గుంటూరులో ఫొటో స్టూడియోలో పనిచేసే మా బావమరిది దగ్గర్నుంచి ఒక డబ్బా కెమెరా, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు తెప్పించాను. "బావా, చేత్తో పట్టుకున్నా వస్తది, స్టాండెందుకు మోత" అన్నాడు వాడు. కానీ స్టాండు లేకపోతే ఫొటో తీస్తున్నట్టు నలుగురికీ ఎలా తెలుస్తుంది? పైగా ఒక నోటుబుక్కులో మూడు రోజుల కార్యక్రమం రాసుకున్నాను. "ఆరు గంటలకు లేచుట. ఆరున్నరకు ప్రకృతి శోభ తిలకించుట. ఎనిమిదింటికి విశ్రాంతి." మా ఆవిడ అది చదివి, నా పెన్సిలే తీసుకుని మధ్యలో మూడు చోట్ల "తినుట" అని చేర్చింది. ఆమె చేర్చినవి తప్ప ఆ కార్యక్రమంలో మరేదీ జరగలేదు.

మాచర్లలో దిగేసరికి నెత్తిన టోపీ, భుజాన కెమెరా, చంకలో స్టాండు, చేతిలో గొడుగు. మా ఆవిడ చేతిలో ఒక్క సంచీ. బస్టాండు దగ్గర ఒక హోటలు మేడ మీద గది అద్దెకిస్తారంటే పోయాం. ఊరంతా బాబాయి అని పిలిచే ఆ హోటలాయన నన్ను కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ చూసి, "ఏం పని మీద వచ్చారండీ?" అన్నాడు. పెళ్లాంతో షికారుకొచ్చానని చెప్పటానికి నాకు నోరు రాలేదు. సిగ్గు. నలుగురు కాఫీ తాగేవాళ్లు చెవులు నిక్కించి వింటున్నారు. "గవర్నమెంటు పని" అన్నాను, గొంతు కాస్త బరువు చేసి. మా ఆవిడ నా వంక ఒక్క చూపు చూసింది. బాబాయి మాత్రం చంకలో స్టాండు వంక చూశాడు. "అట్టనా, అట్టనా!" అని తానే మా సంచీ పట్టుకుని మెట్లెక్కాడు.

మొదటిరోజు హాయిగా గడిచింది. హోటల్లో ఇడ్లీ తిందామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఇడ్లీ పేటలో లేదా?" అని బస్టాండు వెనక రాతి పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చే ఒక అవ్వ దగ్గరికి తీసుకుపోయింది. ఆ అవ్వ పిండిని అరచేతుల మధ్య తిప్పుతూ చప్పట్లు చరిచినట్టు చరుస్తుంటే రొట్టె చందమామలా పెద్దదయ్యేది. మా ఆవిడ రాయి మీద చతికిలబడి తినేస్తోంది. నేను టోపీతో నిలబడి మర్యాద కాపాడుకుంటున్నాను. "ఏందయ్యా అట్టా నిలబడ్డావ్, కోర్టులో సాచ్ఛిగం చెబుతన్నావా? కూచో" అన్నది అవ్వ. నా ఉద్యోగం ఆమెకెట్లా తెలిసిందా అని ఉలిక్కిపడి కూర్చున్నాను. రొట్టె మీద ఇంత పండుమిరప కొరివికారం, దాని మీద నూనె. మొదటి ముద్దకే మా తెనాలి కాలవ నా రెండు కళ్లలోంచీ పారింది. కానీ చెయ్యి ఆగలేదు. మూడు రొట్టెలు తిన్నాను. వేడి వేడి జొన్నరొట్టెకి ఒక తీపి ఉంటుందని, అది కారం తగిలాకనే తెలుస్తుందని ఆ రోజు నేర్చుకున్నాను.

ఆనక చంద్రవంక వాగు వెంట నడిచాం. వానలకి వాగు నిండుగా పోతోంది. మా ఆవిడ ఒక సీతాఫలం విప్పి గింజలు ఊస్తూ, దారిలో కనబడ్డ ప్రతి పువ్వుకీ, పిట్టకీ పేరు చెబుతూ నడుస్తుంటే, ఇంట్లో ఎనిమిది నెలలుగా చూస్తున్న మనిషేనా అనిపించింది. వెంటనే ఫొటో తియ్యాలనిపించింది. స్టాండు మూడు కాళ్లూ విప్పి నిలబెట్టి, డబ్బాలోంచి చూస్తే ఆమె తల తెగిపోతోంది. "ఇంకొంచెం వెనక్కి" అన్నాను. పోయింది. "ఇంకా వెనక్కి. ఆ గొడుగు నిలువుగా పట్టుకో, నేల మీద ఆనించి." ఆమె పోయి పోయి కంది చేను గట్టుమీద గొడుగు నిలువుగా పట్టుకుని నిలబడింది. నేను ఒక కన్ను మూసి, చెయ్యెత్తి "కుడికి! ఎడమకి! అంతే!" అని కేకలేశాను. ఇట్లా నాలుగు చోట్ల. గట్టు మీద ఇద్దరు రైతులు ఎడ్లని ఆపి మరీ చూస్తున్నారు. నా పనితనానికి ముచ్చటపడుతున్నారనుకుని టోపీ సర్దుకున్నాను.

మర్నాడు పొద్దుటినుంచి మాచర్ల నన్ను చూసే తీరే మారిపోయింది. కాఫీ హోటల్లో బల్ల ఖాళీ చేసి మరీ కూర్చోబెట్టారు. ఎవరో ముంత నిండా వెన్న తీయని మజ్జిగ తెచ్చారు. ఇంకెవరో బుట్టెడు సీతాఫలాలు గది ముందు పెట్టి పేరు చెప్పకుండా పోయారు. బజార్లో మా ఆవిడకి ఒక చిన్న రాతి రోలు నచ్చింది. నున్నటి నల్లరాయి, చేతిలో ఇమిడేంత అందం. (బరువు మాత్రం చేతిలో ఇమడదు. మోసినవాణ్ణి నేను.) ధర అడిగితే అమ్మేవాడు, "మీ దగ్గర బేరమేందమ్మా, తీసుకపోండి" అన్నాడు. నేను సంతోషంగా చెయ్యి చాపాను. మా ఆవిడ రోలు కింద పెట్టేసింది. "ధర చెప్పు. బేరమాడకుండా ఇస్తే అది అమ్మటం కాదు, వదిలించుకోవటం" అన్నది. వాడు చెప్పలేక చెప్పలేక ఒక ధర చెప్పాడు, ఆమె మరీ తక్కువని తిట్టి ఇంకాస్త ఎక్కువిచ్చింది. అమ్మేవాడికన్నా కొనేవాళ్లు ధర పెంచిన బేరం నా జన్మలో అదొక్కటే చూశాను. బయటికొచ్చాక, "ఏదో తేడాగా ఉందండీ. వీళ్లు మనల్ని ఎవరో అనుకుంటన్నారు" అన్నది. "పల్నాడు వాళ్ల మర్యాద అలాంటిది" అన్నాను నేను, పల్నాడు మనిషికే పల్నాడు గురించి చెబుతూ.

ఆ మధ్యాహ్నానికి ఒక పెద్దాయన గది దగ్గరికొచ్చి భోజనానికి పిలిచాడు. అరవై దాటిన మనిషి, ఎండకి కాలిన మొహం, ఎర్ర తలపాగా. ఊళ్లో అందరూ ఆయన్ని మూడు బావుల పెదనాయన అంటారని హోటలు బాబాయి చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. ఊరి చివర ఆయన ఇల్లు. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, సన్నగా పొట్టిగా చీమలా చురుగ్గా ఉంది. నాటుకోడి పులుసు, గోంగూర, సజ్జరొట్టె, గడ్డపెరుగు. నేను చాలనేలోపే విస్తట్లో మరో గరిటె పడేది. "తినండి బాబూ, ఎండన పడి తిరిగే పని మీది" అంటాడాయన. కోర్టు గుమస్తాకి ఎండేమిటి అనుకున్నాను గానీ, నోట్లో కోడికాలు ఉంది, అడగలేకపోయాను.

తిన్నాక మా ఇద్దర్నీ చేలోకి తీసుకుపోయాడు. అయిదెకరాల కంది చేను. తూర్పున ఒక బావి, మధ్యలో ఒకటి, పడమట ఒకటి. మూడూ ఎండిపోయి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మొదటిది నాలుగు నిలువులు తవ్వితే నాపరాయి తగిలిందట. రెండోది అయిదు నిలువులకి. మూడోది తూటాలు పెట్టి పేల్చి ఆరు నిలువులు దింపితే, అడుగున ఇంకా పెద్ద రాయి. "ఈ మూడోదాని కోసం మీ పెద్దమ్మ మెళ్లో గొలుసు పోయింది. ఒక్క మాట అన్లా నన్ను" అన్నాడాయన. మూడో బావి గట్టున నన్ను నిలబెట్టి, తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"బాబూ, సాగర్ కాలవకి కొలతలు మీరే గదా వేసేదంట. నేను అడ్డదారి అడగటంలా. కాలవ మీరు గీసిన గీత మీదే పోవాల. కాకపోతే ఆ గీత ఇటేపు, మా చేలోకి వచ్చిద్దా అని..."

అప్పుడు అర్థమైంది నాకు. అవతల కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజులు. కుడికాలవ ఎటు పోతుందో అని పల్నాడంతా కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్న రోజులు. ఆ రోజుల్లో నేను టోపీ పెట్టుకుని, మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, ఒక కన్ను మూసి, దూరంగా మా ఆవిడ చేత గొడుగు నిలువుగా పట్టించి "కుడికి, ఎడమకి" అన్నాను, అచ్చం సర్వేవాళ్లలా. మజ్జిగ, సీతాఫలాలు, కోడిపులుసు, అన్నీ కాలవ ఆఫీసరుకి వచ్చినవి, నాకు కాదు. కాదని చెప్పాలి. చెప్పటానికి నోరు తెరిచాను. కానీ ఆయన నా మొహంలోకి అట్లా చూస్తుంటే, ఆయన ఇంటి పెరుగు ఇంకా నా చేతి వాసనలో ఉంటే, ధైర్యం చాలలేదు. "చూద్దాం" అన్నాను. కోర్టు వాళ్లకి అది ఊతపదం. నకలు ఎప్పుడిస్తారని అడిగినా అదే, జీతం ఎప్పుడు పెరుగుతుందన్నా అదే. ఆయనకి మాత్రం అది ఊతపదం కాదు. "చాలు బాబూ. ఆ మాట చాలు" అని తలపాగాతో మొహం తుడుచుకున్నాడు.

తిరిగొస్తూ వాగు గట్టున మా ఆవిడ నాకన్నా పదడుగులు ముందు నడిచింది. పిట్టల పేర్లు లేవు, పువ్వుల పేర్లు లేవు. చివరికి నేనే, "నేనేమన్నాను? చూద్దాం అన్నాను, అంతేగా" అన్నాను.

ఆమె ఆగిపోయింది. "మా ఊరికి ఎవరు టోపీ పెట్టుకుని వచ్చినా మా నాన్న మజ్జిగ చెంబు పట్టుకుని ఎదురుపోయేవాడు. చెరువు తవ్వించండయ్యా అని అడిగేవాడు. వాళ్లూ ఇదే మాటనేవాళ్లు. చూద్దాం. ఆ ఒక్క మాట మీద మేం రెండేళ్లు బతికేవాళ్లం. తర్వాత ఇంకో టోపీ వచ్చేది." నా నెత్తి మీది టోపీ ఒక్కసారిగా రోలంత బరువెక్కింది. "నాకు మీరు మద్రాసు చూపించకపోయినా ఏం బాధలేదు. ఆయనకి మాత్రం లేని నీళ్లు చూపించబాకండి. రేపు పొద్దున పోయి నిజం చెప్పండి."

"పొద్దున్నే ఆరింటికి పేట బస్సుంది" అన్నాను మెల్లగా.

"ఉంటే ఉంది. మనం ఎక్కం."

పొద్దున్నే బయలుదేరాం. టోపీ గదిలోనే వదిలేశాను. దారి పొడుగునా మనసులో ఒక వాంగ్మూలం తయారుచేసుకున్నాను, నాకు వచ్చిన భాష అదొక్కటే గనక. 'ఈ దిగువ తెలియపరచుకొనునది ఏమనగా' అని మొదలవుతుంది. పెదనాయన వాకిట్లో ఎడ్లకి మేతేస్తున్నాడు. పెద్దమ్మ పిడకలు ఎత్తుతోంది. మా ఆవిడ కావాలనే గడప దగ్గర ఆగిపోయింది. ముందుకి నేనొక్కణ్ణే పోవాలి. వాంగ్మూలం ఒక్క ముక్క గుర్తు రాలేదు. "పెదనాయనా, నేను కాలవ ఆఫీసరుని కాను. పేట కోర్టులో నకళ్లు రాసే గుమస్తాని. కొలతలు వెయ్యటం నాకు రాదు. నిన్న చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మీ ఇంట్లో అన్నం తిని మోసం చేశాను" అన్నాను ఒక్క ఊపిరిలో.

ఆయన చేతిలో మేత అట్లాగే ఉండిపోయింది. నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

"మరి ఆ మూడు కాళ్ల యంత్రం?" అన్నాడు.

"ఫొటోలు తీసేది."

"మరి అమ్మాయిని ఆ చివర్దాకా ఎందుకు పంపావ్, గొడుగిచ్చి?"

"దగ్గరగా ఉంటే తల తెగిపోతోంది."

ముందు నవ్వింది పెద్దమ్మ. పిడకల గంప కిందపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడి వంక చూసి ఆగకుండా నవ్వింది. "ఏందయ్యా, నువ్వు రాత్రంతా నిద్రపోకుండా ఆయన గొప్ప చెప్పుకొస్తివే! ఒంటి కన్నుతో చూసి ఎన్ని అడుగుల లోతో చెబుతాడంటివే!" అని మళ్లీ నవ్వింది. పెదనాయన మొహం ముడుచుకుంది, విచ్చుకుంది, మళ్లీ ముడుచుకుంది. మేత ఎద్దు ముందు పడేసి, చేతులు దులుపుకుని, "పోనీలే. నిజం చెప్పటానికి ఇంత దూరం నడిచొచ్చినోణ్ణి నిన్నొక్కణ్ణే చూశా. చానామంది బస్సెక్కి పోయినారు" అన్నాడు. (ఆరింటి బస్సు సంగతి ఆయనకెట్లా తెలుసని మా ఆవిడ వంక అనుమానంగా చూశాను. ఆమె ఆకాశంలోకి చూస్తోంది.)

"అయితే ఇంతకీ ఏం పని మీద వచ్చారమ్మా?" అని పెద్దమ్మ మా ఆవిడ్ని అడిగింది.

"పనేం లేదు పెద్దమ్మా. ఇద్దరం కలిసి తిరుగుదామని. ఎత్తిపోతల చూద్దామని."

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ మాటని ఒకటికి రెండుసార్లు లోపల తిప్పి చూసుకున్నట్టుంది. "నేనీ ఊరొచ్చి నలభై ఏళ్లయింది. ఏడు మైళ్లంట గదా ఎత్తిపోతల. కోడళ్లు చూశారు, మనవలు చూశారు. నేను చూళ్లా" అన్నది. ఎవర్నీ నిష్ఠూరమాడినట్టు కాదు. ఇవాళ ఏ వారమో చెప్పినట్టు చెప్పింది. పెదనాయన ఆమె వంక చూశాడు. "నువ్వెప్పుడన్నా అడిగావా?" అన్నాడు. "నువ్వెప్పుడన్నా ఖాళీగా ఉన్నావా? బావులు తవ్వుతానే ఉంటివి" అన్నదామె. ఆయన పోయి బండి బయటికి లాగి ఎడ్లని కట్టాడు. "ఎక్కవే" అన్నాడు. పెద్దమ్మ లోపలికి పరుగెత్తి, తిరిగొచ్చేటప్పటికి కొత్త చీర కట్టి, రొట్టెల మూట, పెరుగు కుండ పట్టుకుని ఉంది.

ఎత్తిపోతలకి పోయే దారంతా చదును నేల. ఎర్రమట్టి, రాళ్లు, సీతాఫలం పొదలు. ఇక్కడెక్కడో నీళ్లున్నాయంటే ఎవరూ నమ్మరు. డెల్టా పౌరుషం మళ్లీ కాస్త తల ఎత్తింది నాలో. అప్పుడు వినిపించింది, దూరంగా వందబళ్లు రాతి దారిన పోతున్నట్టు. బండి దిగి నాలుగడుగులు వేశామో లేదో కాళ్ల ముందు నేల విరిగి లోయ తెరుచుకుంది. పాయలు పాయలుగా, తెల్లగా, ఇంతెత్తునుంచి నీళ్లు. కింద గుండంలో పడి మళ్లీ పొగలా పైకి లేస్తున్నాయి. తుంపర మొహాన కొట్టింది. నా జన్మంతా నీళ్ల పక్కన బతికాను గానీ, నీళ్లని చూసి నోట మాట పోవటం అదే మొదలు. పక్కన మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పెద్దవాళ్ల ముందు పట్టుకోకూడదని ఇద్దరికీ గుర్తు రాలేదు. పల్నాడుని ఎండిపోయిన నేల అన్న నా నోటికి అంతకన్నా తడి జవాబు ఎవరివ్వగలరు?

పెద్దమ్మ ఒక బండ మీద కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, చిన్నపిల్లలా చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి మొగుడి వైపు తిరిగి, "ఇన్ని నీళ్లు ఇక్కడ పెట్టుకుని, మూడు బావులు తవ్వావా అయ్యా?" అన్నది. పెదనాయన ముందు ఉడుక్కున్నాడు. "ఆ లోయలో నీళ్లు మెట్ట మీదికొస్తయ్యంటే?" అని ఏదో చెప్పబోయాడు. చెబుతూ చెబుతూనే నవ్వొచ్చేసిందాయనకి. పొట్ట పట్టుకుని నవ్వాడు. తలపాగా తీసి బండ మీద పెట్టి, పైన పారే పాయలోకి దిగి దోసిళ్లతో నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. ఒక దోసెడు తెచ్చి పెద్దమ్మ మీద చల్లాడు. "సిగ్గులేదూ!" అని ఆమె అరిచిన అరుపు జలపాతం మోతలో కూడా మాకు వినిపించింది.

అందరం రొట్టెలు, ఉల్లిపాయ, కొరివికారం, పెరుగు తిన్నాం. నేను స్టాండు నిలబెట్టి వాళ్లు ముగ్గురికీ కలిసి, విడివిడిగా ఫొటోలు తీశాను. (ఒక్కో ఫొటో తీశాక రీలు జరగటానికి పక్కనున్న చెవి తిప్పాలట. బావమరిది చెప్పే ఉంటాడు. నేను మూడు రోజుల్లో ఒక్కసారి కూడా తిప్పలేదు. కడిగించాక ఎనిమిది ఫొటోలూ ఒక్కదాని మీదే పడ్డాయని తేలింది. జలపాతంలోంచి కంది చేను మొలిచి, దాని మీద మా ఆవిడ నాలుగు గొడుగులు పట్టుకుని, ఆమె భుజంలోంచి ఎద్దు కొమ్ములు, అన్నిటి మధ్యా పెద్దమ్మ పళ్లు. మా బావమరిది దాన్ని చించబోతే మా ఆవిడ లాక్కుంది.) మర్నాడు మేం బస్సెక్కేటప్పుడు ఇద్దరూ వచ్చారు. పెద్దమ్మ మా ఆవిడ తలనిండా బంతిపూలు పెట్టింది. పెదనాయన నా అడ్రసు ఒక కాగితం మీద రాయించుకుని మడిచి మొలలో దోపుకున్నాడు. "అల్లుడా, మళ్లీ రా. యంత్రం తేబాక" అన్నాడు.

మళ్లీ పోలేకపోయాం. పిల్లలు, ట్రాన్సుఫర్లు, మళ్లీ పేట. మద్రాసు కూడా చూశాం మధ్యలో, సముద్రం ఒడ్డున నడిచాం. బాగానే ఉంది. కొన్నేళ్లకి, కాలవలకి నీళ్లు వదిలిన కొత్తలో, ఆఫీసు అడ్రసుకి ఒక కార్డు వచ్చింది. ఎవరిచేతో రాయించాడు పెదనాయన. "కాలవ మన చేలోకి రాలా. ఫర్లాంగు అవతలగా పోయింది. అయితేనేం, ఆ చెమ్మకి మూడో బావిలో నిలువున్నర నీళ్లు ఊరినయ్. మిరప వేశాం. మీ పెద్దమ్మ రోజూ పొద్దుగూకే ముందు కాలవ గట్టు మీదికి నడిచొద్దాం రమ్మంటది. పోతన్నాం. ఊళ్లోవాళ్లు నవ్వుతన్నారు. నవ్వనీ. అమ్మాయిని అడిగామని చెప్పు."

బల్ల మీద నేను రాయాల్సిన నకళ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అప్పటికి నేను కూడా బాధ్యత గల పెద్ద గుమస్తానై, అయిదింటికి ముందు కుర్చీ వదిలితే ఆకాశం విరిగిపడుతుందని నమ్మే స్థితికి వచ్చేశాను. ఆ రోజు కలం మూత పెట్టేసి, ఒంట్లో బాగోలేదని చెప్పి (నా సర్వీసులో ఆడిన అబద్ధాల్లో అదొక్కటే నాకు గర్వం) నాలుగింటికే ఇంటికొచ్చేశాను. మా ఆవిడ అప్పుడే బడినుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కార్డు చేతికిచ్చాను. నిలబడే చదివింది. ఇంత పెందలాడే ఎందుకొచ్చారని అడగలేదు. కార్డు అలమారులో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులు తొడుక్కుంది. పిల్లల్ని పక్కింటి అత్తయ్యకి అప్పజెప్పి ఇద్దరం వీధిన పడ్డాం. ఏ పక్కకి నడిచామో ఇప్పుడు గుర్తులేదు. రైలు గేటు దాటాక వేయించిన శనక్కాయలు పొట్లం కొన్నామని, మా ఆవిడ తినగా అందులో నాకు వచ్చినవి పది గింజలేనని మాత్రం గుర్తుంది. ఇంకాసిన్ని అడగలేదు నేను. అప్పటికి కాస్త తెలివి వచ్చింది.